స్కూటర్ మీద శ్రీశైలం: ఎక్కడానికన్నా దిగడానికే ఎక్కువ సిద్ధపడండి

ప్రశ్న: మాది కావలి దగ్గర ఒక పల్లె. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి, వయసు 54. 2019 చివర్లో కొన్న 110 సీసీ స్కూటర్ ఉంది. ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది, ఎప్పుడూ మొరాయించలేదు. వచ్చే కార్తీకంలో నేనూ నా భార్యా ఆ బండి మీదే శ్రీశైలం వెళ్లి రావాలని అనుకుంటున్నాం. బస్సులు ఉన్నా, దారిలో నచ్చినచోట ఆగుతూ వెళ్లాలన్నది ఆమె ఎన్నాళ్లనుంచో పెట్టుకున్న కోరిక. హైదరాబాదులో ఉన్న మా పిల్లలు మాత్రం అంత చిన్న బండి మీద నల్లమల ఘాటు ఎక్కడం ప్రమాదమని వారిస్తున్నారు. ఇంజను మా ఇద్దరినీ లాగగలదా? ముందుగా బండికి ఏమేమి చేయించాలి? ఒక్క రోజులో చేరుకోవచ్చా?

సమాధానం: మాస్టారూ, మీరు మొదట అడిగినదానికి జవాబు సూటిగానే చెప్పవచ్చు. సవ్యంగా ఉన్న 110 సీసీ స్కూటర్ ఇద్దరు పెద్దవాళ్లనూ మితమైన సామానునూ మోసుకుంటూ దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కగలదు. కొన్ని మలుపుల దగ్గర వేగం బాగా పడిపోతుంది, ఇంజను శబ్దం పెరుగుతుంది, కానీ బండి ఆగిపోదు. గాలి పలచబడి ఇంజను నీరసించేటంత ఎత్తు ఆ దారిలో ఎక్కడా లేదు. మీ పిల్లలు భయపడటంలో తప్పులేదు గాని, వారు భయపడవలసింది ఎక్కేటప్పటి సంగతికి కాదు, దిగేటప్పటి సంగతికి. అందుకే మీరు అడగని బ్రేకుల విషయాన్నే ముందు వివరంగా రాస్తున్నాను.

గేర్ల బండి మీద ఘాటు దిగేవారు రెండో గేరులో వేసుకుంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం సగానికి సగం తగ్గుతుంది. స్కూటర్లో ఆ వీలు లేదు. మీ బండిలో ఇంజనుకూ వెనుక చక్రానికీ మధ్య ఒక రబ్బరు బెల్టు, దాని రెండు చివరలా వెడల్పు మారే పుల్లీలు, వెనుక పుల్లీ దగ్గర వేగాన్ని బట్టి తనంతట తానే పట్టుకునే, వదిలేసే క్లచ్ ఉంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి దిగుతుంటే కొంత వేగం వరకు ఇంజను స్వల్పంగా పట్టి ఉంచుతుంది. బండి బాగా నెమ్మదించి, నడక వేగానికి కాస్త పైకి వచ్చేసరికి క్లచ్ పూర్తిగా వదిలేస్తుంది. ఆ క్షణం నుంచి మీ బండి తాడు తెగిన బొంగరంలాగా తన బరువు మీద తాను పోతుంటుంది, దాన్ని ఆపేది బ్రేకులు మాత్రమే. ఇద్దరు మనుషులు, సామాను, కిలోమీటర్ల కొద్దీ పల్లం, ఇవన్నీ కలిసిన భారం అరచేతి వెడల్పు కూడా లేని బ్రేకు షూల మీద పడుతుంది.

బ్రేకు అదే పనిగా నొక్కి పట్టుకుని దిగేవారికి ఏం జరుగుతుందో చెబుతాను. షూలు రాసుకున్న వేడికి చక్రం మధ్యలోని డ్రమ్ము కాగి కొద్దిగా వ్యాకోచిస్తుంది, షూల మీది లైనింగు పట్టు తగ్గుతుంది, లీవరు మునుపటికన్నా హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది, ఎంత నొక్కినా బండి మునుపటిలా ఆగదు. కాలిన వాసన కూడా వస్తుంది. చల్లారాక బ్రేకు మళ్లీ మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి చాలామంది దీన్ని బండి లోపంగా గుర్తించరు, తాము దిగిన పద్ధతి వల్ల జరిగిందని అసలే అనుకోరు.

కాబట్టి దిగేటప్పుడు వేగాన్ని మొదటి నుంచీ ముప్పై కిలోమీటర్ల లోపు ఉంచండి. వేగం పెరిగాక తగ్గించడం కన్నా పెరగనివ్వకపోవడం బ్రేకులకు ఎంతో తేలిక. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే, రెండు లీవర్లూ కలిపి గట్టిగా, కొద్దిసేపు నొక్కి వదిలేయండి. వదిలిన ఆ కాసేపట్లోనే డ్రమ్ముకు గాలి తగులుతుంది. మలుపులో బండి వాలి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టవద్దు. బండి మరీ నెమ్మదించి క్లచ్ వదిలేసినట్టు అనిపిస్తే, యాక్సిలరేటర్ రవ్వంత తిప్పి వదిలితే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది, ఇంజను కాస్త ఆసరా ఇస్తుంది. పెట్రోలు మిగులుతుందని పల్లంలో ఇంజను ఆపి దిగే అలవాటు మన జిల్లాల్లో చాలామందికి ఉంది. ఘాటులో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ కాస్త ఆసరా కూడా పోతుంది, పైగా తాళం తిప్పేటప్పుడు చేయి జారితే హ్యాండిల్ లాకు పడే ప్రమాదం ఉంది. ప్రతి నాలుగైదు కిలోమీటర్లకు రోడ్డు వెడల్పుగా ఉన్నచోట, వెనుక వచ్చేవారికి కనబడేలా బండి పక్కకు తీసి పది నిమిషాలు ఆగండి. లీవరు మెత్తబడినా, కాలిన వాసన వచ్చినా ఇంకా ఎక్కువసేపు ఆగండి. కాగిన డ్రమ్ము మీద నీళ్లు పోయకండి, పగుళ్లు వస్తాయి.

ఈ దారిలో దిగుడు తిరుగు ప్రయాణంలోనే ఉంటుందని అనుకోకండి. వెళ్లేటప్పుడు వచ్చే శిఖరేశ్వరం ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు, శ్రీశైలం దానికి సుమారు 8 కిలోమీటర్ల అవతల పల్లంలో ఉంది. అంటే పొద్దుటినుంచీ బండి నడిపి అలిసిపోయిన చేతులతో, శిఖర దర్శనం అయింది, ఇక వచ్చేశామన్న నిశ్చింతలో ఉన్న సమయంలో మీకు మొదటి దిగుడు ఎదురవుతుంది. శిఖరేశ్వరం దగ్గర దర్శనం చేసుకుని, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, బ్రేకులు ఒకసారి నొక్కి చూసుకుని అప్పుడు కదలండి.

ఇక మెకానిక్ దగ్గర చేయించవలసిన పనులు. ముందూ వెనుకా బ్రేకు షూలు రెండు జతలూ కొత్తవి వేయించండి, పాతవాటిలో ఇంకా సగం ఉందని అన్నా సరే. డ్రమ్ముల లోపల గాడులు పడ్డాయేమో చూడమనండి, బ్రేకు కేబుళ్లు మార్పించండి, షూలను తెరిచే క్యాముకు గ్రీజు పెట్టించండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బండ్లన్నిటికీ సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు) అయినా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) అయినా తప్పనిసరి అయింది కనుక, ఆ ఏడాది చివర్లో కొన్న మీ బండికి సీబీఎస్ ఉండి ఉంటుంది. అంటే ఎడమ లీవరు నొక్కితే వెనుక బ్రేకుతో పాటు ముందుది కూడా కొంత పడుతుంది. చాలాచోట్ల సర్వీసింగులో వెనుక బ్రేకు ఒక్కటే బిగించి వదిలేస్తారు, ఆ రెండింటి మధ్య కేబుల్ సర్దుబాటు తప్పిపోయి ముందు చక్రం పాలు నామమాత్రం అవుతుంది. దీన్ని ప్రత్యేకంగా అడిగి చూపించుకోండి. కొత్త షూలు డ్రమ్ముకు సరిగ్గా కుదురుకోవడానికి వంద, రెండు వందల కిలోమీటర్ల వాడకం కావాలి. అందువల్ల ఈ పనులన్నీ ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందే పూర్తి కావాలి. బయలుదేరే ముందు రోజు సర్వీసింగ్ చేయించడం మంచి అలవాటు కాదు. బిగించడం మరిచిన బోల్టూ, సరిగా కూర్చోని కేబులూ దారిలో తప్ప బయటపడవు.

బ్రేకుల తర్వాత నేను ఎక్కువ పట్టించుకునేది బెల్టు. 31 వేల కిలోమీటర్లలో దాన్ని ఎప్పుడూ మార్చకపోతే ఇప్పుడు మార్చవలసిందే. చూడటానికి బాగానే ఉన్నట్టు కనిపించే పాత బెల్టు కూడా వెడల్పు అరిగిపోయి ఉంటుంది, లోపలి పళ్ల మధ్య సన్నని పగుళ్లు ఉంటాయి. ఊళ్లో తిరిగినంతకాలం ఏమీ కాదు, ఇద్దరితో ఎత్తు ఎక్కుతూ వేడెక్కినప్పుడు తెగుతుంది. బెల్టు తెగితే ఇంజను చక్కగా నడుస్తూనే ఉంటుంది, బండి మాత్రం అంగుళం కదలదు, దారి పక్కన చేయగలిగింది ఏమీ ఉండదు. కవరు ఎలాగూ విప్పుతారు కనుక ముందు పుల్లీలోని రోలర్లు ఒక పక్కకు అరిగాయేమో, క్లచ్ షూలు గాజులా నున్నబడ్డాయేమో కూడా చూడమనండి. అదే పెట్టెకు పక్కన గేర్ ఆయిల్ ఉంటుంది. ఇంజను ఆయిల్ క్రమంగా మార్పించేవారు కూడా దీన్ని ఏళ్ల తరబడి మరిచిపోతారు. నూరు మిల్లీలీటర్ల పైచిలుకు ఆయిల్ మాత్రమే పట్టే చోటది, అందుకే నిర్లక్ష్యం జరుగుతుంది.

టైర్ల సంగతి. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే, గాడులు ఎంత లోతుగా కనిపించినా రెండూ మార్చండి. ఆరేళ్లకు రబ్బరు గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైందని అర్థం. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఆ ముద్ర చూసి తీసుకోండి, అంగడిలో మూడేళ్లుగా పడి ఉన్నది అంటగట్టనివ్వకండి. ట్యూబులెస్ టైరైతే గాలి పట్టే రబ్బరు వాల్వు కూడా మార్పించండి. గాలి విషయంలో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఒక్కరు తిరిగేటప్పటి లెక్కతోనే ఇద్దరూ దూరప్రయాణం చేస్తారు. ఎక్కువగా వాడుకలో ఉన్న 110 సీసీ స్కూటర్లకు ముందు 22, వెనుక ఒక్కరుంటే 29, ఇద్దరుంటే 36 పీఎస్ఐ అని కంపెనీ చెబుతుంది. మీ బండి మాన్యువల్లో ఎంత ఉందో చూసుకోండి. ఈ గాలి టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బయలుదేరేటప్పుడే చూడాలి. వెనుక చక్రంలో గాలి తక్కువగా ఉంటే మలుపుల్లో బండి ఊగుతుంది, టైరు గోడ వేడెక్కుతుంది, లాగుడు కూడా తగ్గుతుంది.

మీ బండి కార్బరేటర్‌తో వచ్చిన తరానిదే అయి ఉండవచ్చు. అలా అయితే దాన్ని విప్పి శుభ్రం చేయించి, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు కొత్తవి వేయించండి. కొన్ని స్కూటర్లలో ఎయిర్ ఫిల్టరు జిడ్డు పూసిన కాగితంతో ఉంటుంది, దాన్ని గాలితో ఊది మళ్లీ పెట్టడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. హ్యాండిల్ కోన్ సెట్టు, చక్రాల బేరింగులు, వెనుక షాకబ్జరు చూపించండి. బ్యాటరీ పాతదైతే మార్చండి, మార్చినా కిక్కు పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఇవి తప్ప ఇంకేమీ అక్కర్లేదు. సవ్యంగా నడుస్తున్న ఇంజనును దూరప్రయాణం పేరు చెప్పి విప్పించకండి.

పనులన్నీ అయ్యాక ఒక శనివారం మీరిద్దరూ, శ్రీశైలానికి ఏ సామాను తీసుకెళ్లదలిచారో సరిగ్గా అదే సామానుతో, కందుకూరు అవతలి మాలకొండకు వెళ్లి రండి. మాల్యాద్రి నరసింహస్వామి గుడి తెరిచేది ఆ ఒక్కరోజే కనుక దర్శనమూ అవుతుంది, కొండ ఎక్కి దిగేటప్పుడు కొత్త బ్రేకులు ఎలా ఉన్నాయో, సామాను ఎక్కడ గుచ్చుకుంటోందో, మీ శ్రీమతి నడుముకు ఎంతసేపటికి నొప్పి మొదలవుతోందో కూడా తెలిసిపోతుంది. ఇంటి దగ్గర ఎంత ఆలోచించినా తేలని విషయాలు ఆ ఒక్క పూటలో తేలతాయి. మీ పిల్లలకు కూడా ఆ ప్రయాణం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. వద్దనడానికైనా సరే అనడానికైనా వారికి ఒక ఆధారం దొరుకుతుంది.

సామాను ఎంత తక్కువైతే అంత మేలు. బరువైనవి డిక్కీలో, సీటు కిందే ఉండాలి. పనిముట్లు, నీళ్ల సీసాలు, చెప్పుల జత వంటివి అక్కడ పడతాయి. బట్టల సంచి ఒక్కటి, మీ కాళ్లకు అడ్డు రానంత చిన్నదైతే కాళ్ల దగ్గర పెట్టుకోండి. కాళ్లు ఆనించే చోటంతా సామానుతో నిండిపోతే అదాటున ఆపవలసి వచ్చినప్పుడు కాలు కింద పెట్టలేరు. వెనుక కడ్డీకి పెద్ద సంచులు కట్టడం మాత్రం మానుకోండి. వెనుక ఇరుసుకు అవతల పడే బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, పది అంగుళాల చక్రాల బండికి ఆ తేలికదనం వల్ల గుంతల్లోనూ మలుపుల్లోనూ హ్యాండిల్ వణుకుతుంది. వీపు సంచి మీరు వేసుకోకండి, మీ శ్రీమతి వేసుకున్నా దాని అడుగు సీటు మీద ఆనేలా పట్టీలు వదులు చేయండి.

ఆమె గురించి ఇంకొంచెం రాయాలి, ఎందుకంటే దూరప్రయాణాల సలహాలన్నీ నడిపేవారి చుట్టూనే తిరుగుతాయి, వెనుక కూర్చున్నవారి కష్టం ఎవరూ పట్టించుకోరు. చీరతో ఒక పక్కకు కూర్చుని అంత దూరం రావడం ఆమె నడుముకూ మంచిది కాదు, మలుపుల్లో బండి నిలకడకూ మంచిది కాదు. పంజాబీ డ్రస్సుతో అటూ ఇటూ కాళ్లు వేసుకుని కూర్చోమనండి, దర్శనానికి చీర సంచిలో ఉంటుంది. చున్నీ కొసలు కట్టేసుకోవాలి. చక్రంలో చున్నీ చుట్టుకుని జరిగే ప్రమాదాలు మనం ఎన్నో వింటున్నాం, చీర రక్షణ కోసం పెట్టిన కవచం ఉన్నంత మాత్రాన ఆ భయం పూర్తిగా పోదు. ఇద్దరికీ ఐఎస్ఐ గుర్తు ఉన్న, గడ్డం కింద పట్టీ గట్టిగా పడే హెల్మెట్లు ఉండాలి. ఆమెకు తేలికపాటి టోపీ లాంటిది కొనడం పొదుపు కాదు. ప్రతి నలభై, యాభై కిలోమీటర్లకు దిగి పది నిమిషాలు నడవండి. మీరు ఆగాలనుకున్నప్పుడు కాదు, ఆమె ఆగుదామన్నప్పుడు ఆగండి.

మూడో ప్రశ్న, ఒక్క రోజులో చేరుకోవచ్చా అన్నది. కావలి నుంచి ఒంగోలు, చీమకుర్తి, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం సుమారు 240 కిలోమీటర్లు ఉంటుంది. లెక్కకు ఒక్క రోజులో అయ్యే దూరమే. కానీ కార్తీకంలో అయిదున్నర దాటితే చీకటి పడుతుంది, అడవిలో ఇంకా ముందే మసక కమ్ముతుంది. దోర్నాల దగ్గర అటవీశాఖ గేటును రాత్రి 9 గంటల ప్రాంతంలో మూసి ఉదయం 6 గంటల ప్రాంతంలో తెరుస్తారు. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో నుంచి పోయే దారి కాబట్టి ఆ నియమం పెట్టారు. గేటు మూయకముందు చేరితే చాలుననే లెక్క మీకు పనికిరాదు. స్కూటర్ దీపం వెలుగులో ఆ యాభై కిలోమీటర్ల మలుపులు తిరగడం మీ వయసులో, వెనుక మనిషిని పెట్టుకుని చేయదగిన పని కాదు. నా సలహా, మొదటి రోజు మార్కాపురంలో ఆగిపోండి. ఉదయం వెలుగు రాగానే కావలిలో కదిలితే మధ్యాహ్నం భోజనం వేళకు నెమ్మదిగా చేరుకోవచ్చు, ఎండ తగ్గాక చెన్నకేశవస్వామి గుడికి వెళ్లవచ్చు, రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. మర్నాడు తెల్లవారాక బయలుదేరితే అలసట తీరిన చేతులతో, పగటి వెలుగులో ఘాటు ఎక్కుతారు.

కందుకూరు, కనిగిరి మీదుగా మార్కాపురం చేరే దారి కూడా ఉంది, లారీల రద్దీ తక్కువ. అయినా మొదటిసారి వెళ్తున్న మీకు నేను ఒంగోలు దారే చెబుతాను. బండిలో ఏదైనా తేడా కనిపిస్తే ఒంగోలులో అన్ని కంపెనీల మెకానిక్కులూ, విడిభాగాలూ దొరుకుతాయి. కొండకు చేరకముందే లోపం సరిచేయించుకునే చివరి పెద్ద ఊరు అది. కావలి నుంచి ఒంగోలు దాకా జాతీయ రహదారి మీద ఎడమ అంచునే ఉండండి. పెద్ద లారీ, బస్సు మిమ్మల్ని దాటిపోయేటప్పుడు ముందు ఒక తోపు, వెనువెంటనే ఒక లాగుడు ఉంటుంది. అద్దంలో చూసి ముందే హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే అది ఇబ్బంది పెట్టదు. యాభై దాటి వెళ్లవలసిన పని లేదు. టంగుటూరు దగ్గర టోల్ గేటు వస్తుంది, ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు, వాటికోసం విడిచిన పక్క దారిలో వెళ్లండి.

ఒంగోలులో కర్నూలు రోడ్డు ఎక్కాక చీమకుర్తి వస్తుంది. గెలాక్సీ గ్రానైటు బండలు మోసే ట్రైలర్లూ, టిప్పర్లూ తిరిగే దారి అది. రోడ్డు మీద రాతి పొడి, చిన్న చిప్పలు పడి ఉంటాయి, వాటి మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. బండ మోస్తున్న ట్రైలర్ వెనుక దగ్గరగా పోకండి, దాన్ని ఎత్తు మీద దాటడానికి తొందరపడకండి. ఉదయం తొందరగా అక్కడికి చేరితే రద్దీ తక్కువ. కళ్లకు హెల్మెట్ అద్దం దించుకోండి. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు పల్లెల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎన్నో తరాలుగా ప్రజలను వేధిస్తున్న సమస్య. ఆ నీళ్లు రెండు రోజులు తాగితే మీకేమీ కాదు, అయినా కొత్త నీళ్లకు కడుపు చెడకుండా ఇంటి నీళ్లు వెంట తెచ్చుకోండి.

పెట్రోలు గురించి ఒక్కమాట. మీ బండి ట్యాంకులో 5 లీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. ఇద్దరితో లీటరుకు నలభై చొప్పున వచ్చినా రెండు వందల కిలోమీటర్ల లోపే, ఘాటులో ఇంకా తగ్గుతుంది. ఒంగోలులో ఒకసారి, దోర్నాలలో ఒకసారి నింపుకోండి, అడవి దారిలో బంకులు లేవు. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోసి డిక్కీలో పెట్టుకోవడం మాత్రం వద్దు, సీటు కింద ఇంజను వేడి ఉంటుంది.

ఎక్కేటప్పుడు పాటించవలసినవి తక్కువే. ముందు వాహనాలు నిలిచిపోయినప్పుడు, వాలు మీద బండి వెనక్కి పోకుండా యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, క్లచ్ షూలు కాలిపోతాయి. బ్రేకు పట్టి నిలపండి, దారి వదిలాక యాక్సిలరేటర్ పెంచుతూ బ్రేకు వదలండి. కార్తీక సోమవారాల్లో, శని ఆదివారాల్లో ఈ ఆగడం కదలడం పదే పదే జరుగుతుంది కనుక వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో కొండ ఎక్కేలా పెట్టుకోండి. అడవిలో కోతులకు తిండి వేయకండి, తినేందుకు వాటి మధ్య బండి ఆపకండి. చెంచుగూడేల దగ్గర పిల్లలు, పశువులు రోడ్డు దాటుతుంటారు, నెమ్మదిగా వెళ్లండి. చాలాచోట్ల ఫోను పనిచేయదు, దోర్నాలలో ఆగినప్పుడు పిల్లలకు ఫోను చేసి ఎప్పటికి చేరతారో చెప్పండి, చేరాక మళ్లీ చేయండి. మధ్యలో ఫోను కలవకపోతే కంగారు పడవద్దని కూడా ముందే చెప్పి ఉంచండి.

కాగితాల్లో మీరు తప్పక చూడవలసింది బీమా. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించేది) ఒకేసారి కట్టించుకున్నారు. 2019 చివర్లో కొన్న మీ బండికి ఆ గడువు 2024 చివరికే ముగిసింది. అయిదేళ్లపాటు దాని జోలికి పోనవసరం లేకపోవడంతో ముగిసిన సంగతే గమనించనివారు ఎందరో ఉన్నారు. మీరు ఈపాటికి మళ్లీ కట్టి ఉంటే మంచిదే, అయినా పాలసీ తెరిచి చూడండి. ఇంకొకటి, కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే వెనుక కూర్చున్నవారికి మామూలుగా అందులో రక్షణ వర్తించదు. మీ శ్రీమతికి కూడా వర్తించే పాలసీయో కాదో ఏజెంటును సూటిగా అడిగి, కాకపోతే అదనపు మొత్తం కట్టి చేర్పించండి. లైసెన్సు, ఆర్సీ, కాలుష్య ధ్రువపత్రం డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి, కానీ ఫోను చార్జింగ్ అయిపోయే ప్రయాణం కనుక నకళ్లు కూడా వెంట ఉంచుకోండి.

వెంట ఉండవలసిన పనిముట్లలో ట్యూబులెస్ పంక్చరు సామాను, చిన్న చేతి పంపు, స్పానర్లు, ఒక ప్లగ్గు, ఒక టార్చి లైటు చాలు. పంక్చరు వేయడం ఇంటి దగ్గర ఒకసారి పాత టైరు మీద చేసి చూడండి. మీకు వాడటం రాని పనిముట్టు దారిలో పనికిరాదు. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కు, ఎక్కడైనా దెబ్బ తగిలితే 108కి ఫోను చేయాలని మీ శ్రీమతికి కూడా తెలిసి ఉండాలి.

చివరిగా వాతావరణం. కార్తీకం మన తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు ఎంత అతలాకుతలమయ్యాయో మీరు కళ్లారా చూసే ఉంటారు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వస్తే బయలుదేరకండి, ఎంత ముందుగా గది బుక్ చేసుకున్నా సరే. మామూలు జల్లులకు చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండే వానకోటు కొనుక్కోండి. దుప్పటిలా కప్పుకునే రకం గాలికి ఎగిరి చక్రంలో పడుతుంది. వాన పడ్డాక మొదటి పావుగంట రోడ్డు మీద దుమ్మూ నూనే కలిసి బాగా జారుతుంది, అప్పుడు ఆగడమే మేలు. తడిసిన డ్రమ్ములు మొదట సరిగా పట్టవు, నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు లేతగా నొక్కితే ఆరిపోతాయి. వాగు నీళ్లు చప్టా మీద పారుతుంటే, అవతలివాళ్లు దాటుతున్నా మీరు దిగకండి.

తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం దర్శనం చేసుకుని వెంటనే దిగడానికి తొందరపడకుండా, రాత్రి అక్కడే ఉండి ఉదయం మంచు విడిచాక బయలుదేరండి. మాలకొండ ప్రయాణంలో బ్రేకులు మీకు నమ్మకం కలిగించకపోయినా, మీ శ్రీమతికి నడుము నొప్పి రెండో రోజుకు కూడా తగ్గకపోయినా, స్కూటర్‌ను ఒంగోలు వరకే తీసుకెళ్లి, ఎరిగినవారి ఇంటి దగ్గర పెట్టి, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులో కొండకు వెళ్లండి. అప్పుడైనా ఒంగోలు దాకా దారిలో నచ్చినచోట ఆగుతూ వెళ్లాలన్న ఆమె కోరిక కొంత తీరుతుంది.